రేవులో నిలకడ వెలుగు

బ్యాటరీ లైటు వెలగడం లేదని ఆదెమ్మకు తెలిసేసరికి మధ్యాహ్నపు గంజి వేళ దాటింది. బటన్ ముందుకు తోసింది. ఏమీ లేదు. అరచేతిలో కొట్టింది. మిణుగురులా ఒకసారి మెరిసి ఆరింది. తొడమీద కొట్టింది. వెలిగింది. హమ్మయ్య అనుకునేలోపే మళ్ళీ ఆరింది. నెల రోజులుగా అది ఇట్లాగే చేస్తోంది. కానీ ఇన్నాళ్ళూ ఒక దెబ్బకు మాట వినేది. ఈ రోజు పది దెబ్బలు తిన్నా వినడం లేదు.

బయట వాన. ఐదు రోజులుగా అదే వాన. ఇంటి చూరు నుంచి నీళ్ళు తాడు కట్టినట్టు కారుతున్నాయి. లోపల నులకమంచం మీద అత్త కొండమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. మూడు రోజులుగా ఆమె నోట్లో గంజి చుక్క నిలవడం లేదు. జ్వరం వచ్చిన దగ్గర నుంచి తెలుగు మానేసి కోయ మాటలే మాట్లాడుతోంది. అవి కూడా రెండో మూడో. పెళ్ళి చేసి పంపిన తన బిడ్డను చూపించమని ఒకటే పోరు.

ఆ బిడ్డ కోసమే ఆదెమ్మ పెనిమిటి పగిడయ్య తెల్లవారుతుండగానే దోనె వేసుకుని వాగు దాటి పోయాడు. అవతలి ఒడ్డు నుంచి నాలుగు కోసులు నడిస్తే వాళ్ళ అక్కను ఇచ్చిన ఊరు. అక్కను తీసుకుని పొద్దుగూకే వేళకు రేవుకు వస్తానన్నాడు.

ఆ రేవుకు ఒక పద్ధతి ఉంది. వాగు ఉరవడి ఎప్పుడూ గూడెం వైపు ఒడ్డు కిందే. అవతలివైపు ఎంత పెద్ద వాన పడినా నీళ్ళు సాధువులా కనిపిస్తాయి. ఇవతల, ఒడ్డుకు ఇరవై బారల దూరంలో తాబేటి బండ అని ఒక రాయి. దాని వీపు కొంచెమైనా పైకి కనిపిస్తే దోనె దాటుతుంది. బండ మునిగిందంటే దాని మీద నీళ్ళు సుడి తిరిగి, వచ్చిన దోనెను వచ్చినట్టే కిందికి లాగుతాయి. అవతలి నుంచి చూసేవాడికి మసక వేళ ఆ బండ కనబడదు. హోరులో కేక వినబడదు. అందుకని ఇవతల నిలబడ్డ మనిషి బండను చూసి వెలుగుతో చెప్పాలి. మూడుసార్లు మినుకు మినుకుమంటే రమ్మని. కదలకుండా నిలకడగా పట్టుకుంటే రావద్దని, ఆ రాత్రికి అక్కడే కాపలా గుడిసెలో ఉండిపొమ్మని. చూశామని చెప్పడానికి అవతలివాళ్ళు ఒక గడ్డి చుట్ట అంటించి ఊపుతారు. ఆ మంట కనబడ్డాక ఇవతలివాళ్ళు వెలుగు ఆర్పుకుని ఇంటికి పోతారు. పగిడయ్య తండ్రి నాడు కాగడాలతో చేసింది, ఇప్పుడు బ్యాటరీ లైటుతో చేస్తున్నారు. అంతే తేడా.

పొద్దున దోనె తాడు విప్పుతూ పగిడయ్య ఇంకొక మాట కలిపాడు.

"అమ్మకు ఏమన్న అయితే నువ్వు రేవుకు రాకు. ముసలిదాన్ని ఒక్కదాన్నే ఇడిసిపెట్టకు. లైటు కనబడకపోతే అమ్మ పోయిందనుకుంట. ఇగ బండ మునిగినా ఏం మునిగినా ఆగం. మట్టిచ్చే కాడ బిడ్డ ఉండాలె గద."

"గట్ల అనకు," అంది ఆదెమ్మ.

"అనక? అన్ని అనుకోవాలె," అన్నాడు. గెడ వేశాడు. అప్పుడు తాబేటి బండ వీపు జానెడు పైకి ఉంది.

మధ్యాహ్నం పక్కింటి జంపక్క బిందెతో తడుస్తూ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"బండ కనబడ్తలేదే పిల్లా."

"సరిగ్గ చూసినవా అక్కా?"

"నా కండ్లు పోయినయా ఏంది? బండ ఉన్న కాడ నీళ్ళు గిర్రున తిరుగుతున్నయ్. ఇంత లావు మొద్దు కొట్టుకొచ్చి ఆడ ఒక్క తిప్పు తిరిగి మాయమైంది."

అప్పుడే ఆదెమ్మ చూరులో దోపిన లైటు తీసింది. ఆ వేళనే అది వెలగలేదు.

వెనుక మూత తిప్పి మూడు సెల్లులూ తీసింది. ఎండ ఉంటే ఎండలో పెట్టేది. ఎండ లేదు కాబట్టి పొయ్యి గడ్డ మీద పెట్టి వెచ్చచేసింది. తిరిగి వేస్తే ఒక్క క్షణం తెల్లగా వెలిగి పోయింది. మూతలోని స్ప్రింగు పచ్చగా పాచి పట్టినట్టు ఉంది. కొంగుతో తుడిచింది. పచ్చరంగు కొంగుకు అంటిందే గాని లైటు వెలగలేదు.

ఆ పచ్చరంగు ఎక్కడిదో ఆదెమ్మకు తెలుసు. ఇంట్లో ఇత్తడి వస్తువులు రెండే: ఒక చెంబు, ఈ లైటు. చెంబు తోమిన ప్రతిసారీ కొండమ్మ లైటును కూడా తోమేది. సెల్లులు తీసి పక్కన పెట్టి, చింతపండు పులుసు, బూడిద కలిపి లోపలా బయటా రుద్ది, నీళ్ళు పోసి కడిగి, బోర్లించేది. గూడెంలో ఎవరి లైటూ అంత తళతళలాడదని ఆమెకు గొప్ప. కోడలు చూస్తూనే ఉండేది. తడి తగలకూడదేమో అని రెండు మూడుసార్లు చెప్పబోయింది. పెద్ద మనిషి, తన చేతి పని తను చేసుకుంటోంది, మధ్యలో నేనెవరిని అనుకుని ఊరుకుంది.

"ఎలుగుతలేదా?" కొండమ్మ మంచం మీద నుంచి కోయలో అడిగింది. "మొన్ననే గద తోమిన."

"ఎలుగుతది అత్తా. నువ్వు పండు."

జంపక్కను అత్త దగ్గర కూర్చోబెట్టి, లైటును గుడ్డలో చుట్టి చంకలో పెట్టుకుని, తాటాకు గొడుగు కింద ఆదెమ్మ తండాకు బయలుదేరింది. గూడెంలో ఇంకో లైటు బడి పంతులుది. ఆయన సెలవు పెట్టి ఖమ్మం పోయాడు. లాంతరు ఉన్నా లాభం లేదు. చేపలకు మావు బుట్టలు పెట్టేవాళ్ళ లాంతర్లు ఒడ్డు పొడుగునా తిరుగుతుంటాయి, ఏది ఎవరిదో అవతలికి తెలియదు. అదీగాక ఈ గాలికి అది ఆగదు.

తండా అరకోసు దూరం. అక్కడ పూల్‌సింగ్ సైకిళ్ళు బాగుచేస్తాడు. సైకిలు కాని వాటిని కూడా విప్పుతాడు. కొన్నిటిని తిరిగి బిగిస్తాడు.

రేకుల పంచ కింద చక్రం ఒకటి ముందేసుకుని కూర్చున్న పూల్‌సింగ్, గుడ్డ విప్పగానే కళ్ళు చికిలించాడు.

"ఏం చెల్లె, గింత వానల బంగారం తెచ్చినవ్?"

"బంగారం కాదన్నా. ఎలుగుతలేదు."

"గింత మెరుస్తుంటే ఇంక ఎలిగేదెందుకు? దీన్నే పట్టుకొని నడువొచ్చు."

నవ్వుతూనే పని మొదలుపెట్టాడు. సెల్లులు తీసి పలక మీద వరసగా నిలబెట్టాడు. ముందు మూత విప్పి బుగ్గను, అదే బల్బును, బయటికి తీశాడు. వైరు ముక్క ఒక కొనను సెల్లు అడుగున పెట్టి, ఇంకో కొనను బుగ్గ మెడకు చుట్టి, బుగ్గ మొనను సెల్లు నెత్తిన ఆనించాడు. బుగ్గ వెలిగింది.

"బుగ్గ బతికే ఉన్నది. ఒక గండం పోయింది."

అట్లాగే రెండో సెల్లు చూశాడు. కొంచెం మందంగా వెలిగింది. మూడో దానికి తీగ ఎర్రబడింది, అంతే.

"ఇది సచ్చింది. కాని ఇదొక్కటే రోగం కాదు. కొడితే ఎలిగి, ఇడిస్తే ఆరిందంటే ఎక్కడ్నో దారి తెగింది."

స్ప్రింగును ఆకురాయితో గీకాడు. మూత మరలు గీకాడు. అంతా బిగించి బటన్ తోశాడు. లేదు. తిరిగి విప్పాడు. గొట్టాన్ని కంటికి ఆనించి దుర్భిణిలా లోపలికి చూశాడు. తర్వాత ముక్కుకు ఆనించాడు.

"గిదేంది? చారు వాసన?"

ఆదెమ్మ తల వంచుకుని చెప్పింది. చెంబుతో పాటు తోమే సంగతి.

పూల్‌సింగ్ పలక మీద చెయ్యి కొట్టి నవ్వాడు. "ఓ ద్వాలీ! ఇటు రా! లైటుకు పులుసు పోసి తోమిన్రంట!"

లోపలి నుంచి అతని భార్య ద్వాలి రొట్టెపిండి చేతులతో వచ్చింది. "నవ్వకు. నేను గూడ నీ గడియారం సున్నిపిండితోని కడగలె? నవ్వుతడు గని చెల్లె, ఆ దినం ఏడ్చిండు."

"గడియారం వేరే," అన్నాడు పూల్‌సింగ్. కానీ నవ్వు తగ్గించాడు. "చూడు చెల్లె. బటన్ కింద సన్న రేకు ఉంటది. గొట్టం నుంచి బుగ్గకు కరెంటు ఆ రేకు మీదికెళ్ళే పోవాలె. పులుసు దాన్ని తినేసింది. ఆ రేకు గొట్టానికి అతికి ఉన్నది, ఊడదీస్తే మళ్ళ పెట్టలేను. భద్రాచలం పంపాలె. ఎప్పటికి కావాలె నీకు?"

"ఈ పొద్దుగూకెవరకు."

అని, ఎందుకో చెప్పింది. బండ మునిగిన సంగతి, పొద్దున పగిడయ్య కలిపిన మాట, అవతల పగిడయ్యతో పాటు ఆడబిడ్డ కూడా ఉంటుందన్న సంగతి. ఎక్కువ మాటలు అక్కరలేదు. వాగు పక్కన బతికేవాళ్ళే వాళ్ళూ.

"అంటే మినుకుమంటే వస్తడు. ఎలగకపోయినా వస్తడు," అన్నాడు పూల్‌సింగ్ మెల్లగా.

"అవ్."

అతను ఇక నవ్వలేదు. వైరు ముక్క పైపొర పళ్ళతో లాగి, రాగి పోగులు మెలిపెట్టాడు. గొట్టం లోపల కత్తి మొనతో గీకి గీకి ఇత్తడి మెరిసేదాకా తెచ్చాడు. వైరు ఒక కొన అక్కడ ఆనించి సైకిల్ ట్యూబు ముక్కతో బిగదన్నాడు. రెండో కొన బుగ్గ మెడకు చుట్టాడు. బటన్‌తో పని లేకుండా కరెంటుకు కొత్త దారి వేశాడన్నమాట. సెల్లులు జారవిడిచి వెనుక మూత తిప్పాడు. చివరి తిప్పు దగ్గర లైటు వెలిగింది. ఊపాడు. ఆరలేదు. పలకకేసి కొట్టాడు. ఆరలేదు. ఆదెమ్మ చేతికిచ్చి, "నువ్వు కొట్టు," అన్నాడు. ఆమె తొడమీద కొట్టింది. కదలలేదు వెలుగు.

"ఇగ బటన్ ఉత్తదే. మూత బిగిస్తే ఎలుగుతది, వదులు చేస్తే ఆరుతది. యాది పెట్టుకో."

"మరి సచ్చిన సెల్లో?"

దుకాణంలో కొత్త సెల్లులు లేవు. రోడ్డు కింది మోరీ కొట్టుకుపోయి అశ్వారావుపేట నుంచి లారీ రావడం లేదు. పూల్‌సింగ్ లేచి లోపలికి పోయి రేడియో తెచ్చాడు. వెనుక డబ్బా తెరిచాడు.

"అయ్యో, వార్తలు వింటెనే గద నీకు బువ్వ దిగేది," అంది ద్వాలి. అంటూనే తనే గోటితో సెల్లులు లాగి ఇచ్చింది. లంబాడీలో మొగుడితో ఏదో అని, ఆదెమ్మ వైపు తిరిగింది. "జల్దీ పో చెల్లె. పొద్దు ఆగదు."

రేడియో సెల్లులు మూడూ వేసి చూశాడు పూల్‌సింగ్. మొదటి దానికంటే తెల్లగా వెలిగింది. కానీ అతని ముఖం పూర్తిగా విప్పారలేదు.

"ఇవి గూడ పాతయే. పాటలకు చాలుతున్నయ్. లైటు చానా గుంజుతది. ఎంతసేపు వస్తదో నేను చెప్పలేను. ఎర్రబడితే మూత తీసి, సెల్లులు అరచేతుల రుద్ది, జరసేపు పండబెట్టు. అలసట తీరినట్టు మళ్ళ లేస్తయ్."

దారిలో ఆదెమ్మ ఒక్కసారే మూత బిగించి చూసుకుంది. వానలో తెల్లని గుండ్రని వెలుగు ముందు చెట్టుమీద పడింది. వెంటనే ఆర్పేసింది. పగిడయ్య ఆ రాత్రి అవతలే ఉంటాడు. వాన తగ్గితే రేపో ఎల్లుండో బండ తేలుతుంది. అత్త అప్పటిదాకా ఉంటే బిడ్డను చూస్తుంది. ఉండకపోతే చూడదు. ఆ సంగతి ఆదెమ్మ చేతిలో లేదు. ఒక మనిషికి కడచూపు దక్కకపోవడం వేరు, ఇద్దరు మనుషులు సుడిలోకి రావడం వేరు.

రేవుకు చేరేసరికి చూపు ఆనడం తగ్గుతోంది. తాబేటి బండ ఉండే చోట బండ లేదు, తిరిగే నీళ్ళున్నాయి. అవతలి ఒడ్డు నల్లటి గీతలా ఉంది. దాని కింద నీళ్ళు ఎప్పటిలాగే ఏమీ తెలియనట్టున్నాయి. మనుషులున్నారో లేరో కనబడదు.

దోనె కట్టే గుంజ మీద మోచెయ్యి ఆనించి, ఆదెమ్మ మూత బిగించింది. లైటు వెలిగింది. అవతలి రేవు వైపు పట్టింది. కదలనివ్వలేదు. రెప్ప వేస్తే లైటు రెప్ప వేస్తుందేమో అన్నట్టు నిలబడింది.

ఇక అవతల మంట కనబడాలి.

కనబడలేదు. ఇంకా రాలేదేమో. నాలుగు కోసులు, అక్కకు నడక తక్కువ. ఆగింది. చీకటి ఇంకొంచెం దిగింది. లైటు పోగు నీళ్ళమీద సగం దాకా పోయి వానలో కలిసిపోతోంది. వచ్చే ఉంటారు. మరి మంట? ఐదు రోజుల వానలో తడవని గడ్డి ఎక్కడుంటుంది అవతల మాత్రం? అగ్గిపెట్టె మాత్రం పొడిగా ఉంటుందా? ఈ రోజు మంట రాదు. చూశారో లేదో తెలియదు. చూడకపోతే? ఇంకాసేపు పట్టాలి. ఇంకాసేపు.

చెయ్యి తిమ్మిరెక్కింది. రెండో చెయ్యి కింద ఆసరా పెట్టింది. తెల్లగా ఉన్న వెలుగు పసుపయింది. పసుపు నుంచి దీపపు వత్తి రంగుకు వచ్చింది.

ఎర్రబడితే రుద్ది పండబెట్టు, అన్నాడు పూల్‌సింగ్. ఆదెమ్మ వేళ్ళు వెనుక మూత మీదికి పోయాయి. అక్కడే ఆగిపోయాయి.

మూత వదులు చేస్తే ఆరుతుంది. ఆరితే లైటు లేనట్టే, అంటే పగిడయ్య లెక్కకు అమ్మ పోయిందని. వెంటనే బిగిస్తే? ఆరి వెలిగినట్టు. అంటే మినుకు. మినుకంటే రమ్మని.

రమ్మనడానికి ఒక గుర్తు ఉంది. వద్దనడానికి ఉంది. పొద్దున పెట్టుకున్నది ఒకటి ఉంది. "చెప్పడం అయింది, ఇక ఆర్పుతున్నాను" అనడానికి గుర్తు లేదు. ఎన్నేళ్ళుగానో ఈ రేవులో ఎవరికీ దానితో పని పడలేదు. ఎప్పుడూ అవతలి మంట ముందు వచ్చేది. పగిడయ్య తండ్రికి తట్టలేదు. పొద్దున అన్ని అనుకోవాలె అన్న పగిడయ్యకు తట్టలేదు. మధ్యాహ్నం నుంచి దీన్నే చేతుల్లో తిప్పుతున్న తనకూ, ఇదిగో, ఇప్పటిదాకా తట్టలేదు.

"రావద్దు!" అని అరిచింది. "ఓ... రావద్దు!" వాగు హోరు ఆ అరుపును ఆమె నోటి ముందే మింగింది.

బుగ్గలో తీగ నిప్పు పోగులా మిగిలింది. తర్వాత అది వెలుగో, తన కంటిలో మిగిలిన ఎరుపో తెలియలేదు. తెలియకపోయినా ఆదెమ్మ చెయ్యి దించలేదు. చీకట్లో, వెలగని లైటును, నిలకడగా పట్టుకునే ఉంది.

ఇక పోగొట్టుకునేది లేదని మూత తీసింది. సెల్లులను అరచేతుల మధ్య రుద్దింది, రొమ్ము దగ్గర పెట్టుకుని వెచ్చచేసింది, తిరిగి వేసి బిగించింది. ఒక్క ఊపిరి సేపు పసుపుగా వెలిగింది. ఆరింది. ఆరిన తర్వాత, అవతలికి అది మినుకే కదా అని, తను ఏం చేసిందో అర్థమై లైటును రెండు చేతులతో పొట్టకు అదుముకుంది.

గాలి ఇటు తిరిగినప్పుడు వాగు మీది నుంచి ఏదో సన్నగా వినబడింది. ముందు అది గాలే అనుకుంది. తర్వాత ఆడ గొంతు అని తెలిసింది. మాటలు వినబడడం లేదు గాని రాగం వినబడుతోంది. తల్లి పోతే బిడ్డలు ఎత్తుకునే రాగం. చిన్నప్పటి నుంచి ఎన్ని ఇళ్ళముందు వినలేదు! అవతల ఆడబిడ్డ తల్లి కోసం ఏడుస్తోంది.

"అత్త బతికే ఉన్నది!" అని అరిచింది ఆదెమ్మ. "వదినా! బతికే ఉన్నది! వెనుకకు పోన్రి!"

ఏడుపు ఆగలేదు. ఏడ్చే మనిషికి ఇతరుల మాట వినబడదు. పైగా ఆ ఏడుపు ఇందాకటికంటే దగ్గరగా ఉంది. ఒడ్డు మీద ఉన్న మనిషి గొంతు దగ్గరికి రాదు.

ఆదెమ్మ నడుములోతు నీళ్ళలోకి దిగింది. గుంజ పట్టుకుని అరిచింది. ఒకసారి పగిడయ్య గొంతు విన్నట్టు అనిపించింది, గెడ వేసేటప్పుడు అతను చేసే చిన్న హుంకారం. అనిపించిందో, విన్నదో. ఏడుపు సుడి వైపుకు వచ్చింది. వచ్చి, ఎదురుగా నిలవకుండా, పక్కకు జరిగింది. కిందికి జరుగుతోంది.

ఒడ్డెక్కి, జమ్ములో పడి, నీళ్ళ వెంట పరుగెత్తింది. వెనుక నుంచి జంపక్క గోనెపట్టా నెత్తిన కప్పుకుని ఆయాసపడుతూ వచ్చింది.

"ఆదెమ్మా! ముసలమ్మ నాలుగు చుక్కలు గంజి తాగిందే! బిడ్డ వచ్చిందా అని అడుగుతున్నది, నేనే చెప్దామని..." ఆమె కూడా విని ఆగింది. "ఎవరే గట్ల ఏడుస్తున్నది? ఎవరు పోయిన్రు?"

"ఎవ్వరు పోలేదక్కా. సప్పుడు చెయ్యకు."

ఇద్దరూ ఊపిరి బిగబట్టి విన్నారు. వాగు వంపు తిరిగే దగ్గర, చింతల కింద, ఆ రాగం ఒక్కసారి పెద్దగా వినబడి తెగింది. మళ్ళీ అందుకుంటుందని ఆగారు. అందుకోలేదు.

జంపక్క ఆదెమ్మ రెక్క పట్టుకుంది. ఆదెమ్మ విడిపించుకుని వంపు వైపు నడిచింది. జమ్ము మొదళ్ళు కాళ్ళకు గుచ్చుకుంటున్నాయి. నీళ్ళకు దగ్గరగా ఉన్న ప్రతి చోటా ఆగి, "అత్త బతికే ఉన్నది," అని చెప్పి, వింటూ నిలబడి, మళ్ళీ కొంచెం కిందికి పోయింది. అరిచి అరిచి గొంతు పోయాక మామూలు మాటలాగే చెప్పింది.